ఊరు పేరు తెలియని శిశువు: ఒక వంశాన్వేషణ చరిత్ర

వంశావళి యనగానే తెలుగువారికి మొదట స్ఫురించునది శాసనములలోని రాజవంశ వర్ణనము. తాత పేరు, తండ్రి పేరు, ఆపై దాత పేరు, అతని బిరుదులు, అతడిచ్చిన భూమి యెల్లలు - ఈ క్రమములో రాళ్ళమీదను రాగిరేకులమీదను వంశములు నిలిచినవి. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున కాలిన్ మెకంజీ దొర సేకరింపజేసిన కైఫియత్తులలోను, గ్రామ కరణముల కవిలెలలోను ఇంచుమించు ఇదే రీతి కానవచ్చును. ఎవరికి భూమి కలదో, ఎవరికి కొడుకులు కలరో, ఎవరు గుడి కట్టించిరో, ఎవరు చెరువు త్రవ్వించిరో వారి పేర్లు మిగిలినవి. పాలు త్రాగు వయసుననే కన్నుమూసిన బిడ్డ పేరు ఆ వరుసలలో కనబడుట మిక్కిలి అరుదు. అట్టి బిడ్డకు సంతతి లేదు, ఆస్తి లేదు, చెప్పుకొనదగిన కార్యము లేదు. రెండేండ్లు నిండని శిశువును దహనము చేయక మట్టిలో పూడ్చుటయే పెద్దలు పాటించిన ఆచారము. ఏటేట తర్పణము విడుచుటయు లేదు. కన్నవారి తలపులో తప్ప ఆ పేరు మరెచ్చటను నిలువదు. వారు పోయిననాడు అదియును పోవును.

ఇక కన్నవారును తోబుట్టువులును ఒకే రాత్రి మృతినొంది, పసివాని శరీరము మాత్రము పరాయి రేవునకు చేరినచో, వాడెవరి బిడ్డయో చెప్పగలవా రెవరు? 1912వ సంవత్సరమున కెనడా దేశపు తూర్పుతీరమున ఈ ప్రశ్న పుట్టినది. దానికి సమాధానము దొరకుటకు 95 సంవత్సరములు పట్టినది. ఆ సమాధానము రాజుల చరిత్రలలో లేదు. పల్లెటూరి గుమాస్తాలు వ్రాసిన జననమరణ పుస్తకములలోను, ఒక తల్లి, ఆమె తల్లి, ఆ తల్లి తల్లి అను స్త్రీల వరుసలోను అది దాగియుండెను.

నావికుల బిడ్డ

టైటానిక్ అను మహానౌక 1912 ఏప్రిల్ 10వ తేదీన ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవు విడిచి అమెరికాకు బయలుదేరెను. 14వ తేదీ రాత్రి ఉత్తర అట్లాంటిక్ సముద్రమున మంచుకొండను ఢీకొని, 15వ తేదీ తెల్లవారకముందే మునిగిపోయెను. సుమారు 1,500 మంది మరణించిరి; సుమారు 700 మంది మాత్రమే బ్రతికి బయటపడిరి. మృతులలో మూడవ తరగతి ప్రయాణికులు చాలమంది. బ్రతుకుతెరువు కొరకు ఆలుబిడ్డలతో సామాను మూటగట్టుకొని అమెరికాకు వలసపోవుచున్న కూలివారు, చేతిపనులవారు, రైతులు వారిలో నుండిరి. ఒక్కొక్క చోట ఇంటిల్లిపాదియు నశించినది.

మృతదేహములను వెదకుటకై ఓడ యజమానులు కెనడాలోని హాలిఫాక్స్ రేవునుండి మెకే-బెన్నెట్ అను ఓడను పంపిరి. సముద్రగర్భమున తంతిత్రాళ్ళు పరచుట, తెగినవానిని అతుకుట ఆ ఓడ నిత్యకృత్యము. ఏప్రిల్ 17న అది బయలుదేరునప్పుడు దానిలో శవపేటికలును మంచుగడ్డలును నింపిరి. ఆ ఓడవారు 306 దేహములను వెలికితీసిరి. వానిలో 116ను సముద్రముననే నిమజ్జనము చేసి, 190ని ఏప్రిల్ 30వ తేదీన హాలిఫాక్స్ చేర్చిరి.

ఏప్రిల్ 21వ తేదీన దొరకిన నాలుగవ దేహము ఒక పసివానిది. ఓడలో ప్రతి దేహమునకు ఒక సంఖ్య నిచ్చి, వయసు, జుట్టురంగు, దుస్తులు, జేబులోని వస్తువులు మొదలగు వివరములు వ్రాసికొనుచుండిరి. ఈ బిడ్డ విషయమున వ్రాయుటకు ఎక్కువ లేకపోయెను. మగబిడ్డ, సుమారు రెండేండ్ల వయసు, లేతరంగు జుట్టు, మెడకును చేతులకును బొచ్చు అంచుగల బూడిదరంగు కోటు, గోధుమరంగు గౌను, లోపల ఉన్ని బట్టలు, కాళ్ళకు జోళ్ళు. పేరు తెలుపు గుర్తు ఒక్కటియు లేదు. దుస్తులనుబట్టి మూడవ తరగతి వాడై యుండునని వ్రాసిరి.

వారములు గడచినను ఆ బిడ్డ కొరకు ఎవరును రాలేదు. సముద్రమున ఎన్నో దేహములను చూచి మనస్సు రాయి చేసికొనిన నావికులు ఈ ఒక్క బిడ్డను మరువలేకపోయిరి. అంత్యక్రియల ఖర్చు తామే భరింతుమని ముందుకు వచ్చిరి. 1912 మే 4వ తేదీన హాలిఫాక్స్‌లోని సెయింట్ జార్జి చర్చిలో ప్రార్థన జరిగెను. ఆరుగురు నావికులు ఆ చిన్న తెల్లని పేటికను మోసిరి. తమ బిడ్డ యని చెక్కించిన రాగిపతకము నొకదానిని పేటికలో నుంచిరి. ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానమున సమాధి చేసి, తమ సొమ్ముతో రాతిస్తంభము నిలిపి, దానిపై పేరునకు బదులు 'అజ్ఞాత శిశువు' అని వ్రాయించిరి.

హాలిఫాక్స్‌లోని మూడు శ్మశానములలో టైటానిక్ మృతులు 150 మంది కలరు. అందు 121 మంది ఫెయిర్‌వ్యూ లాన్‌లోనే యున్నారు. రాళ్ళలో పెక్కింటిమీద పేరు లేదు. సంఖ్యయు తేదీయు మాత్రమే కలవు. అయినను యాత్రికులు ఎక్కువగా ఆగి పూలును ఆటబొమ్మలును ఉంచిపోవునది ఈ శిశువు సమాధి యొద్దనే.

మొదటి ఊహ

పేరులేని చోట జనులు పేరు నూహింతురు. ఈ బిడ్డ స్వీడన్ దేశమునకు చెందిన గోస్టా పాల్సన్ అను రెండేండ్ల బాలుడని చిరకాలము పలువురు నమ్మిరి. అతని తండ్రి నీల్స్ అంతకుముందే చికాగో చేరి, భార్యాబిడ్డల రాకకు ఎదురుచూచుచుండెను. భార్య ఆల్మా నలుగురు పిల్లలను వెంటబెట్టుకొని టైటానిక్ ఎక్కెను. అయిదుగురును మరణించిరి. ఆల్మా దేహము మాత్రము దొరకెను. యాదృచ్ఛికముగా ఆమె సమాధి అజ్ఞాత శిశువు సమాధికి చేరువలోనే పడినది. తల్లి ప్రక్కన బిడ్డ నిదురించుచున్నాడను తలపు ఎవరి హృదయమునైనను కరగించును. ఆ ఓదార్పువలననే ఆ ఊహ బలపడెను. నమ్మిక ఎంత గట్టిదైనను అది నిదర్శనము కాజాలదు.

ఓడలో మూడేండ్లలోపు వయసుగల మృతబాలురు ఎవరెవరని ప్రయాణికుల పట్టికలను శోధించినప్పుడు ఆరుగురు తేలిరి. గిల్బర్ట్ డాన్‌బమ్ అయిదు నెలలవాడు. ఆల్‌ఫ్రెడ్ పీకాక్ ఏడు నెలలవాడు. ఫిన్లండ్ దేశస్థుడైన ఈనో పానులాకు 13 నెలలు. ఇంగ్లండువాడైన సిడ్నీ గుడ్విన్‌కు 19 నెలలు. ఐర్లండునుండి వచ్చిన యూజీన్ రైస్, స్వీడన్ బాలుడు గోస్టా పాల్సన్ రెండేండ్లవారు. ఆరుగురును తల్లులతో ప్రయాణము చేసినవారే. ఆరుగురు తల్లులును మరణించినవారే. కావున గుర్తుపట్టవలసిన ముఖ్యసాక్షులు ఒక్కరును మిగులలేదు.

తల్లుల వరుస

శరీరమునందలి జీవకణములలో వంశలక్షణములను మోయు డి.యన్.ఏ. అను పదార్థము కలదు. దానిలో అధికభాగము కణము నడిమి కేంద్రమున నుండి, తల్లిదండ్రు లిరువురినుండియు బిడ్డకు సంక్రమించును. కేంద్రమునకు వెలుపల, కణమునకు శక్తిని సమకూర్చు మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములలో మరియొక చిన్న డి.యన్.ఏ. వలయము కలదు. దీనిని లిపితో పోల్చినచో ఇందు 16,569 అక్షరములు కలవు. దీని వరుస నంతటిని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 1981లో మొదటిసారిగా చదివి ప్రకటించిరి. ఇది తల్లినుండియే బిడ్డకు వచ్చును. కొడుకులకును కూతుండ్రకును వచ్చును గాని, కొడుకునుండి అతని బిడ్డలకు పోదు. ఒక్కొక్క కణమున దీని ప్రతులు వందలకొలది యుండుటచే, నూరేండ్ల నాటి ఎముకలోను కొంత మిగిలియుండు నవకాశము కలదు.

సంతానము లేకయే గతించిన పసివాని వంశమును గుర్తించుటకు ఇంతకంటె తగిన సాధనము లేదు. బిడ్డనుండి క్రిందికి దిగుటకు దారి లేదు. పైకెక్కి ప్రక్కకు మరలవలెను. బిడ్డకు తల్లి, ఆమెకు అక్కచెల్లెండ్రు, ఆ అక్కచెల్లెండ్ర కూతుండ్రు, వారి కూతుండ్రు - ఈ వరుసలో నేడు జీవించియున్న వా రొక్కరు దొరకినను చాలును. తల్లికి అక్కచెల్లెండ్రు లేకున్నచో అమ్మమ్మ అక్కచెల్లెండ్రను, వారును లేకున్నచో ముత్తవ్వ అక్కచెల్లెండ్రను పట్టుకొనవలెను. గోత్రమును ఇంటిపేరును తండ్రి వరుసలో నడుచుట చూచినవారికి ఈ లెక్క తలక్రిందుగా తోచును. కాని ఇచ్చట తండ్రి వరుస ఉపకరింపదు.

చెప్పుటకు సులభముగా నున్నను, తల్లుల వరుసను కాగితములలో వెదకుట కష్టతరము. స్త్రీ పెండ్లి చేసికొనినంతనే ఇంటిపేరు మారిపోవును. అమ్మమ్మ ఇంటిపేరు ఒకటి, అమ్మ ఇంటిపేరు వేరొకటి, కూతురి ఇంటిపేరు మరియొకటి. తెలుగునాటను ఇంగ్లండులోను ఇది సమానమే. ఇంగ్లండులో వివాహపు పుస్తకమున వధూవరుల తండ్రుల పేర్లు వ్రాయుటయే గాని, తల్లుల పేర్లు వ్రాయు పద్ధతి 2021 వరకును రాలేదు. అదృష్టవశమున జనన పుస్తకములో తల్లి పుట్టినింటి పేరు వ్రాయుటకు ప్రత్యేకముగా ఒక గడి కలదు. బిడ్డ జనన పత్రమునుండి తల్లి పుట్టినింటి పేరు, ఆ పేరుతో ఆమె జనన పత్రము, దానినుండి అమ్మమ్మ పుట్టినింటి పేరు - ఇట్లు మెట్టుమెట్టుగా ఎక్కవచ్చును. క్రిందికి దిగునప్పుడు పెండ్లి పుస్తకమును చూడక ఒక్క మెట్టును దిగరాదు. ఏలయన ఆ ఆడపడుచు ఏ ఇంటిపేరులోనికి పోయినదో చెప్పునది ఆ పుస్తకమే.

ఇంగ్లండులో 1538లోనే ప్రతి చర్చియందును బాప్తిస్మములను, వివాహములను, ఖననములను వ్రాసియుంచవలెనని ఆజ్ఞ వెలువడెను. 1837 జూలై 1నుండి ప్రభుత్వమే జననమరణములను నమోదుచేయ మొదలిడెను. 1841నుండి జనాభా లెక్కలలో మనుష్యుల పేర్లు చేరెను. 1911 ఏప్రిల్ 2 నాటి లెక్కలలో గృహస్థులు స్వహస్తముతో నింపిన కాగితములే భద్రపరుపబడినవి. ఆ కాగితములలో వివాహిత స్త్రీకి కలిగిన బిడ్డ లెందరు, జీవించియున్నవా రెందరు, మరణించినవా రెందరు అను గడులు గూడ కలవు. బ్రతుకక పోయిన బిడ్డలకు సంఖ్యారూపమున నైనను అందు స్థానము దొరకినది. ఫిన్లండ్ స్వీడను రాజుల యేలుబడిలో నున్నప్పుడు, 1686 నాటి చర్చి శాసనము ప్రకారము పాదిరులు ఇంటింటి వివరములను వ్రాసియుంచిరి.

ఇట్టి పుస్తకములు నశించినచో ఎంత నష్టమో చెప్పుటకు ఐర్లండు చాలును. 1922 జూన్ 30న అంతర్యుద్ధమున డబ్లిన్ నగరమందలి ప్రభుత్వ పత్రశాల దగ్ధమయ్యెను. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వభాగపు జనాభా లెక్కలలో మిక్కిలి భాగమును, వందలకొలది చర్చి పుస్తకములును ఆ మంటలలో బూడిదయ్యెను. తమ ముత్తాత లెవరో తెలిసికొనగోరు ఐరిష్ ప్రజలు నేటికిని ఆ నష్టము ననుభవించుచున్నారు.

తప్పిన నిర్ణయము

2001 మే నెలలో బంధువుల కోర్కెపైనను, అధికారుల అనుమతితోడను ఫెయిర్‌వ్యూ లాన్‌లో మూడు సమాధులను త్రవ్విరి. రెండింట నేలలోని తేమకు సమస్తమును కరగిపోయి, పరీక్షకు తగినది ఏమియు మిగులలేదు. శిశువు సమాధిలో మాత్రము ఆరు సెంటీమీటర్ల ఎముక ముక్కయు, మూడు చిన్న దంతములును దొరకెను. నావికు లుంచిన రాగిపతకమును అచ్చటనే యుండెను. ఆ పతకము చేరువలో నుండుటచేతనే ఎముక ముక్క మిగిలియుండునని పరిశోధకులు భావించిరి. 1912లో ప్రేమతో నుంచిన చిన్న వస్తువు 89 ఏండ్ల తరువాత సాక్ష్యమునకు కావలిగా నిలిచినది.

కెనడాలోని లేక్‌హెడ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ర్యాన్ పార్ ప్రభృతులు ఆ అవశేషములనుండి తల్లివరుస డి.యన్.ఏ.ను రాబట్టిరి. వంశచరిత్రకారులు ఆ బాలుర తల్లివైపు బంధువులను దేశదేశముల వెదకి, వారి రక్తపు నమూనాలను తెప్పించిరి. పోల్చిచూడగా గోస్టా పాల్సన్ వంశముతో సరిపడలేదు. తల్లి ప్రక్కన బిడ్డ యున్నాడను దశాబ్దుల నమ్మిక ఆనాటితో వీడిపోయెను. తుదకు ఇరువురు మాత్రమే మిగిలిరి: ఈనో పానులా, సిడ్నీ గుడ్విన్.

పరీక్షించినది ఆ డి.యన్.ఏ. వలయములో మార్పులు తరచుగా కనబడు ఒక చిన్న భాగము మాత్రమే. ఆ భాగమున ఫిన్లండ్ తల్లి వరుసయు, ఇంగ్లండు తల్లి వరుసయు ఒక్కటిగనే యుండెను. వేల సంవత్సరముల వెనుక ఏదో ఒక తల్లియొద్ద ఆ రెండు వరుసలు కలిసియుండుటయే దీనికి కారణము. ఇరువురిలో ఎవరో తేల్చుటకు దంతముల నాశ్రయించిరి. దంతములనుబట్టి బిడ్డ వయసు 9 నెలలకును 15 నెలలకును నడుమ నుండునని నిపుణులు చెప్పిరి. ఈనో పానులాకు 13 నెలలు. సిడ్నీకి 19 నెలలు. కావున 2002లో ఆ బిడ్డ ఈనో పానులా యని ప్రకటించిరి.

ఈనో కథయు గుండెను పిండునదే. తల్లి మారియా అయిదుగురు కొడుకులతో పెన్సిల్వేనియాలోని భర్తను చేరబోవుచుండెను. ఆరుగురును మృతినొందిరి. ఫిన్లండ్‌లోని బంధువులకు తొంబది యేండ్ల తరువాత ఒక సమాధి దొరకినది. తమ వంశమున పోయిన పసివాడు ఇదిగో ఇచ్చట నున్నాడని చెప్పుకొనుటకు ఒక రాయి లభించినది.

జోళ్ళ సాక్ష్యము

అదే 2002వ సంవత్సరమున హాలిఫాక్స్‌లోని సముద్ర వస్తుప్రదర్శనశాలకు ఒక జత పసివాని తోలుజోళ్ళు చేరెను. 1912లో క్లారెన్స్ నార్తోవర్ అను పోలీసు సార్జెంటు మృతుల వస్తువులకు కావలియుండెను. జ్ఞాపకచిహ్నముల కొరకు ఆశపడువారి చేతబడకుండుటకై బట్టల నన్నింటిని తగులబెట్టవలెనని ఉత్తరువు. అన్నియు కాల్చెను గాని, ఆ చిన్న జోళ్ళను మంటలో వేయుటకు ఆయనకు చేతులు రాలేదు. స్టేషనులోని తన బల్ల సొరుగులో దాచెను. 1918లో ఉద్యోగము విరమించునప్పుడు ఇంటికి గొనిపోయెను. తరముల పిమ్మట ఆయన మనుమడు వానిని ప్రదర్శనశాలకు సమర్పించెను.

ఆ జోళ్ళను చూచినవారికి ఒక సందేహము కలిగెను. పదమూడు నెలల బిడ్డ పాదమునకు అవి పెద్దవి. శాస్త్రము తేల్చినదానిని ఒక జత జోళ్ళు ప్రశ్నించినవి. పరిశోధకులు తాము ప్రకటించినదే సత్యమని పట్టుబట్టి కూర్చుండలేదు. మరల పరీక్షకు పూనుకొనిరి. ఈసారి డి.యన్.ఏ. వలయములో మునుపు చూడని భాగములను, ముఖ్యముగా జీవక్రియలకు ఆదేశముల నిచ్చు భాగములను చదివిరి. మొదటి భాగమున ఒక్కటిగా కనబడిన రెండు తల్లివరుసలు ఇచ్చట వేరయ్యెను. శిశువు అవశేషములు ఫిన్లండ్ వరుసతో సరిపడలేదు. ఇంగ్లండు వరుసతో సరిపడెను. 2007లో ఆ బిడ్డ సిడ్నీ లెస్లీ గుడ్విన్ యని ప్రకటింపబడెను. అమెరికా సైనికశాఖకు చెందిన డి.యన్.ఏ. ప్రయోగశాల వారి విస్తృత పరీక్షలును ఈ నిర్ణయమునే బలపరచినవి. ఆ పరిశోధన వివరములు 2011లో శాస్త్రపత్రికయందు వెలువడెను.

ఇట్లు ఒక కుటుంబమునకు బిడ్డ దొరకెను. మరియొక కుటుంబమునకు దొరకిన బిడ్డ చేజారెను. ఫిన్లండ్‌వారు అయిదేండ్లు తమదనుకొనిన సమాధి తమది కాకపోయెను. సత్యమును వెదకువారు ఈ దుఃఖమును లెక్కలోనికి తీసికొనకుండుట తగదు. అట్లని దుఃఖమునకు వెరచి తప్పును తప్పుగా నుండనిచ్చుటయు తగదు. అట్లుండనిచ్చినచో రాతిమీద ఈనో పేరుండెడిది. దాని క్రింద సిడ్నీ పరాయిపేరుతో నుండెడివాడు. ఈనోకును న్యాయము జరిగెడిది కాదు.

గుడ్విన్ వంశము

సిడ్నీ లెస్లీ గుడ్విన్ 1910 సెప్టెంబరు 9వ తేదీన ఇంగ్లండులోని విల్ట్‌షైర్ మండలమున మెల్క్‌షామ్ అను చిన్నపట్టణములో జన్మించెను. తండ్రి ఫ్రెడరిక్, తల్లి ఆగస్టా. ఆమె పుట్టినింటి పేరు టైలర్. లిలియన్, చార్లెస్, విలియం, జెస్సీ, హెరాల్డ్ అను అయిదుగురు పిల్లల తరువాత పుట్టిన కడగొట్టువాడు సిడ్నీ. ఫ్రెడరిక్ సోదరుడు అప్పటికే అమెరికాలోని నయాగరా జలపాతము చెంత నున్న పట్టణమున స్థిరపడియుండెను. అచ్చటి విద్యుత్కేంద్రమున పని దొరకునను ఆశతో ఫ్రెడరిక్ కుటుంబసమేతముగా వలసకు సిద్ధపడెను. వారు ఎక్కవలసినది వేరొక చిన్న ఓడ. 1912 వసంతమున ఇంగ్లండులో జరిగిన బొగ్గుగనుల సమ్మెచే పెక్కు ఓడలు కదలక నిలిచిపోయినందున, వారిని టైటానిక్‌కు మార్చిరి. మూడవ తరగతిలో ప్రయాణము చేసిన ఆ ఎనమండుగురిలో ఒక్కరును బ్రతుకలేదు. మిగిలిన ఏడుగురి దేహములలో గుర్తింపబడినది ఒక్కటియు లేదు.

తల్లి ఆగస్టా పోయెను. ఆమె కడుపున పుట్టిన ఆరుగురును పోయిరి. ఆమెనుండి క్రిందికి సాగవలసిన తల్లివరుస ఆ రాత్రియే తెగినది. కాని ఆమె పుట్టినింటి ఆడపడుచుల ద్వారా అదే వరుస ఇంగ్లండులో తరతరములుగా సాగుచునే యుండెను. వారికి తెలియకుండగనే, హాలిఫాక్స్ నేలలో నిదురించు శిశువు గుర్తును వారు తమ దేహములయందు మోయుచుండిరి. వారిని చేరుటకు దారి చూపినది టైలర్ అను ఒక్క ఇంటిపేరు. ఆ పేరును నిలిపినది జనన పుస్తకములో తల్లి పుట్టినింటి పేరునకై ఏర్పరచిన ఒక చిన్న గడి. దానిని నింపిన గుమాస్తాకు తాను వ్రాయుచున్న దాని విలువ తెలియదు. అతడు తన పనిని తాను సక్రమముగా చేసెను, అంతే.

2008 ఆగస్టు 6వ తేదీన గుడ్విన్ బంధువులు ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానమున సంస్మరణ సభ జరిపిరి. సిడ్నీ పేరొక్కటియే వారు తలచుకొనలేదు. టైటానిక్‌లో మరణించిన సుమారు 50 మంది పిల్లల పేర్లను చదివి, ఒక్కొక్క పేరునకు ఒకమారు గంట మ్రోగించిరి. నావికులు నిలిపిన స్తంభముపై పాత వ్రాతను తుడిచివేయలేదు. పేరు దొరకని పిల్లల కందరకును ఆ రాయి గురుతుగా నుండుట తగునని వారి తలంపు. ఆ పిల్లలలో ఈనో కలడు, గోస్టా కలడు, సిడ్నీ తోబుట్టువు లయిదుగురును కలరు.

పుస్తకముల విలువ

ఈ చరిత్రలో మహాపురుషు లెవరును లేరు. బిడ్డను మోసిన నావికులు, జోళ్ళను కాల్చలేకపోయిన పోలీసు, పుస్తకములు వ్రాసిన గుమాస్తాలు, పాదిరులు, పాత కాగితములలో తల్లుల పేర్లను వెదకిన వంశచరిత్రకారులు, తమ తప్పును తామే దిద్దుకొనిన శాస్త్రజ్ఞులు - వీరిలో ఏ ఒక్కరు తమ పనిని ఉపేక్షించినను ఆ బిడ్డ నేటికిని పేరులేనివాడుగనే యుండెడివాడు.

తెలుగునాట మద్రాసు రాష్ట్రపు భాగములలో 1899 నాటి చట్టము క్రింద గ్రామములలో జననమరణ పుస్తకము లేర్పడెను. 1969లో దేశమునకంతటికి ఒకే చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశమున 1984లో కరణము మునసబు పదవులు రద్దయినవి. అంతవరకును గ్రామాధికారుల యొద్ద నున్న లెక్కలు చేతులు మారెను. చెదలకును వానకును చిక్కని పాత పుస్తకము ఏ ఊరనున్నను అది ఆ ఊరి ప్రజల వంశధనమే. బారసాల జరుగకముందే పోయిన బిడ్డల జాడ పేరులేక 'మగ శిశువు', 'ఆడ శిశువు' అను మాటలతోనైనను నిలువదగిన చోటు అట్టి పుస్తకమే. ప్రక్కగడిలో తల్లి పేరు వ్రాసియున్నచో ఆ శిశువు అనాథ కాదు. తల్లి పేరును, ఆమె పుట్టినింటి పేరును, ఊరును గూడ వ్రాసియుంచు ఇల్లు వంశమును సగమున విడువక నిండుగా నిలిపిన ఇల్లగును.

గ్రంథాలయమునకు అచ్చుపుస్తకము లెంత ముఖ్యమో, ఊరి పాత కాగితములును అంత ముఖ్యము. ఒక ఇంటి తాటాకు జాతకము, ఒక అవ్వ చెప్పిన పుట్టింటివారి వరుస, పాతబడిన పెండ్లి శుభలేఖ, వెనుక పేర్లు వ్రాసిన ఒక ఛాయాచిత్రము - ఇవి నేడు ఎవరికిని అక్కరకు రానివిగా తోచవచ్చును. 1912లో ఆ చిన్న జోళ్ళును అట్లే తోచినవి.